టైపింగ్, చేతిరాత అలవాట్ల గురించి ఇంగ్లిష్‌లో జవాబు చెప్పడం ఎలా?

‘డు యు ప్రిఫర్ టైపింగ్ ఆర్ రైటింగ్ బై హ్యాండ్?’ విదేశీ చదువులకో ఉద్యోగాలకో ఇంగ్లిష్ సామర్థ్యాన్ని కొలిచే ఐఇఎల్‌టీఎస్‌లో మాట్లాడే భాగమైన స్పీకింగ్ పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఎందుకు ఆగిపోతున్నామని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ‘టైపింగ్’ అనేశాక ఇంకేం చెప్పాలో తోచదు. తోచినా ఆ వాక్యం తెలుగులో పుట్టి, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి వంకర పోతుంది.

ఇది ఇంగ్లిష్ రాకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది అనుకోను. రోజూ చేసే పనే అయినా దాన్ని మనం ఎప్పుడూ గమనించి ఉండం. అలవాటు గురించి మాట్లాడేటప్పుడు ఏ కాలంలో క్రియ వాడాలో కూడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఈ రెండూ సరిచేసుకుంటే చాలా వరకు దారిలో పడుతుంది.

1. ముందుగా ప్రశ్నను చదవడం నేర్చుకోండి

స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. అందులో మొదటి భాగం 4 నుంచి 5 నిమిషాలు. ఇల్లు, చదువు, ఉద్యోగం, ఇష్టాల వంటి తెలిసిన విషయాలే అడుగుతారు. టైపింగ్, చేతిరాత ఆ కోవలోవే.

మార్కులు నాలుగు అంశాలకు సమానంగా ఇస్తారు: ధారాళత-పొందిక, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. మీ అభిప్రాయానికి మార్కులు ఉండవు. చేతిరాతే గొప్పదన్నా, టైపింగే నయమన్నా ఒకటే. కాబట్టి ‘ఏది చెబితే బాగుంటుంది’ అన్న టెన్షన్ పక్కన పెట్టేయండి.

ఈ అంశంపై వచ్చే ప్రశ్నలు ఇంచుమించు ఐదు రకాలు. ఏ రకమో గుర్తుపట్టగానే ఏ కాలంలో మాట్లాడాలో తేలిపోతుంది.

- ఇప్పటి అలవాటు: ‘హౌ ఆఫెన్ డు యు రైట్ బై హ్యాండ్?’ జవాబు సింపుల్ ప్రెజెంట్‌లో. ఐ రైట్, ఐ టైప్.
- ఇష్టం: ‘విచ్ డు యు ప్రిఫర్?’ ఇదీ ప్రెజెంటే. పోలిక మాత్రం తప్పకుండా కావాలి.
- గతం: ‘వెన్ డిడ్ యు లెర్న్ టు టైప్?’ సింపుల్ పాస్ట్. ఐ లెర్న్‌డ్, ఐ స్టార్టెడ్.
- అభిప్రాయం: ‘కెన్ హ్యాండ్‌రైటింగ్ టెల్ అజ్ అబౌట్ ఎ పర్సన్?’ ఐ థింక్, మే, మైట్.
- రాబోయే కాలం: ‘విల్ పీపుల్ స్టాప్ రైటింగ్ బై హ్యాండ్?’ విల్, మైట్, ప్రాబబ్లీ.

2. ఒకటి రెండు రోజులు మీ చేతుల్ని గమనించండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా మోడల్ జవాబుల కోసం వెతుకుతారు. నా దృష్టిలో అసలు పనంతా ఇక్కడే ఉంది. మీ అలవాటు మీకు స్పష్టంగా కనిపిస్తే చెప్పడానికి మాట అదే దొరుకుతుంది.

ఒక కాగితం మీద కింది వాటికి తెలుగులోనే జవాబులు రాసుకోండి.

- ఈ రోజు పెన్నుతో ఏమేం రాశారు? సంతకం, కొనాల్సిన వస్తువుల లిస్టు, ఫారం, క్లాసు నోట్సు, ఏదైనా సరే.
- ఎందుకు టైప్ చేయకుండా చేత్తో రాశారు?
- ఎక్కువగా ఫోన్‌లో టైప్ చేస్తారా, కంప్యూటర్‌లోనా?
- ఫోన్‌లో రెండు బొటనవేళ్లూ వాడతారా, ఒక్క వేలేనా? కీబోర్డ్ మీద ఎన్ని వేళ్లు కదులుతాయి?
- కీలు చూస్తూ కొడతారా, తెర చూస్తూనా?
- ఆటోకరెక్ట్ మీ మాటల్ని ఎక్కడెక్కడ మార్చేస్తుంటుంది?
- తెలుగు మెసేజ్‌ను తెలుగు లిపిలో పంపుతారా, ఇంగ్లిష్ అక్షరాల్లోనా, లేక నోటితో చెప్పి టైప్ చేయిస్తారా?
- మీ రాత ఎదుటివాళ్లు చదవగలరా? తొందరలో రాస్తే ఏమవుతుంది?

టైపింగ్ స్పీడు కూడా ఒకసారి కొలుచుకోండి. నిమిషంలో కొట్టిన అక్షరాలు, ఖాళీలు అన్నీ కలిపి లెక్కపెట్టి 5తో భాగించాలి. ఐదు కీలను ఒక ‘వర్డ్’గా లెక్కించడం మామూలు పద్ధతి. నిమిషంలో 150 కీలు కొడితే 30 వర్డ్స్ అన్నమాట. అప్పుడు ‘ఐ టైప్ అబౌట్ థర్టీ వర్డ్స్ ఎ మినిట్’ అని ధీమాగా చెప్పొచ్చు. ‘ఐ టైప్ వెరీ ఫాస్ట్’ కన్నా ఇది ఎంతో నయం, పైగా నిజం.

పరీక్షను కాగితం మీద రాయాలా, కంప్యూటర్‌లోనా అని ఎంచుకునే వీలు మీకు ఉండి ఉంటే ఆ నిర్ణయమే ఓ మంచి జవాబు. ‘ఐ చోజ్ ద కంప్యూటర్ టెస్ట్ బికాజ్ ఐ టైప్ ఫాస్టర్ దాన్ ఐ రైట్.’ మీరు నిజంగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాబట్టి తడుముకోకుండా వచ్చేస్తుంది.

3. కావలసిన పదాలు మాత్రమే పోగుచేసుకోండి

యాభై పదాల పట్టిక బట్టీ పడితే పరీక్ష గదిలో ఒక్కటీ గుర్తురాదు. మీ గమనికలో ఉన్న పనులకు సరిపోయేవి పది పన్నెండు తీసుకుంటే చాలు.

చేతిరాతకు:

- నీట్: పొందికైన రాత. మెస్సీ: గజిబిజి రాత.
- లెజిబుల్: చదవడానికి వీలైనది. ఇల్లెజిబుల్: చదవడానికి వీలుకానిది.
- జాట్ డౌన్: గబగబా రాసి పెట్టుకోవడం.
- స్క్రిబుల్: పైపైన గీకినట్టు రాయడం.
- ఫిల్ ఇన్ ఎ ఫామ్: ఫారం నింపడం.
- కర్సివ్: కలిపిరాత. బ్లాక్ లెటర్స్: విడివిడి పెద్దక్షరాలు.

టైపింగ్‌కు:

- టచ్ టైపింగ్: కీలు చూడకుండా, అన్ని వేళ్లతో కొట్టడం. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలా తగిలే ఉబ్బు ఉంటుంది. చూపుడువేళ్లు అక్కడ ఆన్చుకోవడానికే అది.
- టైపో: టైపింగ్‌లో దొర్లిన చిన్న తప్పు.
- ప్రిడిక్టివ్ టెక్స్ట్: తర్వాతి మాటను ఫోనే సూచించడం.
- వాయిస్ టైపింగ్: నోటితో చెబితే అక్షరాలుగా మారడం.

వీటికన్నా ముఖ్యమైనవి చిన్న చిన్న ప్రిపొజిషన్లు. ‘చేత్తో’ అంటే ‘విత్ హ్యాండ్’ అనేస్తాం. ‘బై హ్యాండ్’ అనాలి. పెన్నుతో అయితే ‘విత్ ఎ పెన్’ సరిపోతుంది. ‘ఫోన్‌లో’ అన్నప్పుడు ‘ఇన్ మై ఫోన్’ వచ్చేస్తుంది. టైప్ చేయడం గురించైతే ‘ఆన్ మై ఫోన్’, ‘ఆన్ మై ల్యాప్‌టాప్’, ‘ఆన్ ఎ కీబోర్డ్’. నోట్‌బుక్‌కు మాత్రం ‘ఇన్ మై నోట్‌బుక్’.

4. జవాబును వరసగా కట్టండి

మొదటి భాగంలో మూడు నాలుగు వాక్యాలు చాలు. వరస ఇలా పెట్టుకోండి: సూటి జవాబు, ఎక్కడ లేదా ఎప్పుడు, అందుకు భిన్నంగా చేసే ఒక సందర్భం, దానికి కారణం.

ఒక జవాబు ఎలా పెరుగుతుందో చూద్దాం. మొదట నోటికొచ్చేది:

‘టైపింగ్. బికాజ్ ఇట్ ఈజ్ ఈజీ అండ్ ఫాస్ట్.’

తప్పేం లేదు, కానీ ఈ జవాబులో మనిషి కనబడడు. ఎవరైనా ఇదే చెప్పొచ్చు. సూటి జవాబును పూర్తి వాక్యం చేద్దాం:

‘ఐ టైప్ మోస్ట్ ఆఫ్ ద టైమ్.’

దీనికి ఎక్కడ, ఎలా అన్నది చేర్చుదాం:

‘ఐ టైప్ మోస్ట్ ఆఫ్ ద టైమ్, మెయిన్లీ ఆన్ మై ఫోన్, విత్ బోత్ థంబ్స్.’

‘విత్ బోత్ థంబ్స్’ అనగానే వినేవాళ్లకు ఒక బొమ్మ కనబడుతుంది. రెండో మెట్టులో మీరు రాసుకున్న కాగితం ఇందుకే. ఇప్పుడు భిన్నమైన సందర్భం, కారణం:

‘బట్ వెన్ ఐ స్టడీ, ఐ టేక్ నోట్స్ బై హ్యాండ్, బికాజ్ ఐ రిమెంబర్ థింగ్స్ బెటర్ దట్ వే.’

ఇక్కడితో ఆపేయొచ్చు. ఊపు ఉంటే ఇంకొక్కటి:

‘ద ఓన్లీ ప్రాబ్లమ్ ఈజ్, ఐ కాంట్ ఆల్వేస్ రీడ్ మై ఓన్ నోట్స్.’

ఎక్కడా బరువైన పదం లేదు. అయినా ‘వెన్’తో ఒక చిక్కటి వాక్యం పడింది, ‘బట్’తో మలుపు తిరిగింది, ‘బికాజ్’తో కారణం వచ్చింది. ధారాళత-పొందిక అంటే ఇలాంటిదే.

గతం ప్రశ్నకు వరస కొంచెం మారుతుంది: ఎప్పుడు, ఎవరి దగ్గర, మొదట్లో ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది. ‘ఐ లెర్న్‌డ్ టు టైప్ అట్ కాలేజ్. అట్ ఫస్ట్ ఐ యూజ్డ్ ఓన్లీ టూ ఫింగర్స్. నౌ ఐ హార్డ్లీ లుక్ అట్ ద కీస్.’ ఇక్కడ పాస్ట్ నుంచి ప్రెజెంట్‌లోకి రావడం కావాలని చేసిందే.

‘పిల్లలకు చేతిరాత నేర్పాలా?’ లాంటి ప్రశ్న పరీక్ష మూడో భాగంలో, అంటే పరీక్షకులతో చర్చ జరిగే చోట, ఎదురైతే ‘ఐ’ని తగ్గించి ‘చిల్డ్రన్’, ‘పీపుల్’, ‘స్కూల్స్’ అంటూ మాట్లాడండి. అక్కడ సొంత అలవాటు ఒక ఉదాహరణగా మాత్రమే రావాలి.

5. తెలుగు నుంచి జారిపడే తప్పులు, వాటి సవరణలు

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. తెలుగువాళ్ల జవాబుల్లో నేను ఎక్కువగా వినేవి ఇవే. దాదాపు ప్రతిదానికీ మన భాషలోనే ఒక కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే తప్పు త్వరగా వదులుతుంది.

*‘ఐ విల్ రైట్ డైలీ.’* తెలుగులో ‘రోజూ రాస్తాను’ అంటాం, ‘రేపు రాస్తాను’ అనీ అంటాం. రెంటికీ క్రియ ఒకటే. ఇంగ్లిష్‌లో మాత్రం రెండూ వేరు. అలవాటుకు ‘ఐ రైట్ ఎవ్రీ డే’, రేపటికి ‘ఐ విల్ రైట్ టుమారో’. ఈ అంశంలో చాలా ప్రశ్నలు అలవాటు గురించే కాబట్టి, ఒక్క ‘విల్’ను తీసేస్తే జవాబు రూపురేఖలే మారిపోతాయి.

*‘ఐ యామ్ రైటింగ్ డైరీ సిన్స్ చైల్డ్‌హుడ్.’* ‘చిన్నప్పటి నుంచి రాస్తున్నాను’లోని ‘-తున్నాను’ ఇలా చేయిస్తుంది. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘ఐ హావ్ బీన్ రైటింగ్ ఎ డైరీ సిన్స్ చైల్డ్‌హుడ్’ అనాలి. ఇది నోటికి అలవాటు కావడానికి కాస్త సమయం పడుతుంది. రోజుకు నాలుగైదు వాక్యాలు ఇదే అచ్చులో పైకి చెప్పుకోండి.

*‘ఐ లెర్న్‌డ్ టైపింగ్ బిఫోర్ త్రీ ఇయర్స్.’* ‘మూడేళ్ల ముందు’కు ఇది నేరు అనువాదం. ‘త్రీ ఇయర్స్ అగో’ అనండి.

*‘ఐ యామ్ హ్యావింగ్ గుడ్ హ్యాండ్‌రైటింగ్.’* ఉన్న గుణాన్ని చెప్పేటప్పుడు ‘-ఇంగ్’ అక్కర్లేదు. ‘ఐ హావ్ నీట్ హ్యాండ్‌రైటింగ్’ లేదా ‘మై హ్యాండ్‌రైటింగ్ ఈజ్ క్వైట్ నీట్’. హ్యాండ్‌రైటింగ్‌కు చివర ‘స్’ తగిలించకండి. మాట్లాడేటప్పుడు ముందు ‘ఎ’ కూడా లేకుండా అలవాటు చేసుకోండి.

*‘మై టైపింగ్ ఈజ్ స్పీడ్.’* తెలుగులో ‘నా టైపింగ్ స్పీడు’ అని వాడేస్తాం. ఇంగ్లిష్‌లో స్పీడ్ నామవాచకం. ‘ఐ టైప్ ఫాస్ట్’ అంటే సరి. ‘ఫాస్ట్లీ’ అనే మాట లేదు.

*‘మోర్ ఫాస్టర్’, ‘ఐ ప్రిఫర్ టైపింగ్ దాన్ రైటింగ్.’* ఫాస్టర్‌లోనే ‘ఎక్కువ’ ఉంది, కాబట్టి ‘మోర్’ వద్దు. బలం కావాలంటే ‘మచ్ ఫాస్టర్’. ప్రిఫర్ పక్కన ‘టు’ వస్తుంది: ‘ఐ ప్రిఫర్ టైపింగ్ టు రైటింగ్’.

*‘ఐ యూజ్ ఫోన్ ఓన్లీ.’* ‘ఫోనే వాడతాను’లోని ఏకారాన్ని ‘ఓన్లీ’తో తేవాలని చూస్తాం. వాక్యం చివర ఇలా వేలాడదీస్తే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఐ జస్ట్ యూజ్ మై ఫోన్’ అనండి.

ఇక ‘యూజ్డ్ టు’. దీన్ని సరిగ్గా వాడితే జవాబుకు చాలా బలం వస్తుంది, తప్పితే అర్థమే తారుమారవుతుంది.

- ‘ఐ యూజ్డ్ టు రైట్ లెటర్స్.’ ఒకప్పుడు ఉత్తరాలు రాసేవాణ్ని, ఇప్పుడు లేదు.
- ‘ఐ యామ్ యూజ్డ్ టు టైపింగ్.’ టైప్ చేయడం నాకు అలవాటైపోయింది.

మొదటిది మన ‘రాసేవాణ్ని, రాసేదాన్ని’. రెండోది ‘అలవాటైపోయింది’. మొదటిదాని తర్వాత మామూలు క్రియ, రెండోదాని తర్వాత ‘-ఇంగ్’. రెంటినీ కలిపి ఒక వాక్యం సాధన చేయండి: ‘ఐ యూజ్డ్ టు రైట్ ఎవ్రీథింగ్ బై హ్యాండ్, బట్ నౌ ఐ యామ్ యూజ్డ్ టు టైపింగ్.’ చేతిరాత మీద అడిగే చాలా ప్రశ్నలకు ఇది పనికొస్తుంది, మీ విషయంలో నిజమైతేనే.

6. ఉచ్చారణలో నాలుగు చోట్ల జాగ్రత్త

యాస మార్చుకోనవసరం లేదు. మాట స్పష్టంగా వినబడాలి, అంతే.

- మాట చివర అచ్చు చేర్చకండి. మనకు పెన్ను, బుక్కు, నోట్సు అనడం అలవాటు. ఇంగ్లిష్ వాక్యంలో పెన్, బుక్, నోట్స్ అని హల్లు దగ్గరే ఆగాలి.
- ‘టైప్’కు గతం ‘టైప్ట్’. ‘టైపెడ్’ అని రెండు ముక్కలు చేయకండి. ‘స్క్రిబుల్’కు ‘స్క్రిబుల్డ్’. ‘జాట్’కు మాత్రం ‘జాటిడ్’, ఎందుకంటే ట, డ ధ్వనుల తర్వాతే ఆ అదనపు ముక్క వస్తుంది.
- ‘హ్యాండ్‌రైటింగ్’, ‘కీబోర్డ్’ రెండింటిలోనూ ఒత్తు మొదటి ముక్క మీద. ‘హ్యాండ్’, ‘కీ’ కాస్త గట్టిగా పలకాలి.
- ‘ఎవ్రీ’ని ‘యెవ్రీ’ అనీ, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అనీ పలకడం మనకు తెలియకుండానే జరుగుతుంది. నోరు తెరవగానే నేరుగా అచ్చుతో మొదలుపెట్టండి.

7. రికార్డ్ చేసి దిద్దుకోండి

ఫోన్ చాలు. ఒక్కో ప్రశ్నకు ఇలా చేయండి.

1. ప్రశ్న పైకి చదివి, వెంటనే జవాబు రికార్డ్ చేయండి. ముందుగా ఏమీ రాసుకోవద్దు.
2. వింటూ, పలికినదంతా ఉన్నదున్నట్టు రాయండి. ‘ఆఁ’, ‘మీన్స్’, మళ్లీ మొదలుపెట్టిన ముక్కలు, అన్నీ.
3. క్రియలన్నిటి కింద గీత గీయండి. ప్రశ్న ఏ కాలంలో ఉందో, మీ క్రియ ఏ కాలంలో ఉందో పోల్చండి.
4. ఐదో మెట్టులోని తప్పుల్లో ఏవి ఉన్నాయో గుర్తించండి. ఒకసారికి ఒక్క తప్పే సరిచేయండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే మాట మొద్దుబారిపోతుంది.
5. కాగితం బోర్లా పెట్టి మళ్లీ చెప్పండి. మాటలు కొంచెం మారినా పర్వాలేదు, మారడమే మంచిది.
6. మర్నాడు అదే ప్రశ్నను ఇంకో రూపంలో అడగమని ఎవరినైనా కోరండి.

రెండో పని విసుగు పుట్టిస్తుంది, దాన్ని మాత్రం వదలొద్దు. చెవికి దొరకని ‘విల్’లు, ‘ఓన్లీ’లు కాగితం మీద ఇట్టే దొరుకుతాయి.

పూర్తి జవాబును బట్టీ పట్టకండి. అప్పజెప్పినట్టు చెబితే స్వరం ఒకే తీరుగా సాగుతుంది. పరీక్షకులు సులభంగా పసిగడతారు. ప్రశ్న కొంచెం పక్కకు జరిగితే మీరు చిక్కుకుపోతారు. చిన్న కాగితం మీద విడి మాటలే రాసుకోండి: ఫోన్, బోత్ థంబ్స్, నోట్స్, రిమెంబర్, మెస్సీ. వాక్యం అప్పటికప్పుడు నోట్లో పుట్టాలి.

పరీక్షకు ముందు చూసుకోవలసినవి:

- ఐదు రకాల ప్రశ్నలకూ కనీసం ఒక్కో జవాబు రికార్డ్ చేశారా?
- ప్రతి జవాబులో మీకే చెందిన ఒక వివరం ఉందా?
- అలవాటు చెప్పేటప్పుడు ‘విల్’ పోయిందా?
- ‘బై హ్యాండ్’, ‘ఆన్ మై ఫోన్’ ఆలోచించకుండా వస్తున్నాయా?
- కాగితం చూడకుండా నాలుగు వాక్యాలు చెప్పగలుగుతున్నారా?

8. గదిలో ఇరుక్కుంటే

ప్రశ్న వినబడకపోతే ఊహించి చెప్పకండి. ‘సారీ, కుడ్ యు రిపీట్ ద క్వశ్చన్, ప్లీజ్?’ అని అడగండి.

ఎప్పుడూ ఆలోచించని ప్రశ్న వస్తే ఆ మాటే చెప్పి ముందుకెళ్లండి. ఉదాహరణకు రాతను బట్టి మనిషి స్వభావం చెప్పొచ్చా అంటే: ‘ఐ హావెంట్ రియల్లీ థాట్ అబౌట్ దట్. ఐ డోంట్ థింక్ సో, బికాజ్ మై రైటింగ్ చేంజెస్ వెన్ ఐమ్ ఇన్ ఎ హర్రీ.’ ఇక్కడా మళ్లీ మీ అలవాటే ఆదుకుంది.

మీరు ఆ పని అసలు చేయకపోతే ‘నో’తో ఆగిపోకండి. చేత్తో రాయడమే లేదంటే, చివరిసారి ఎప్పుడు రాశారో చెప్పండి: ‘ఐ హార్డ్లీ ఎవర్ రైట్ బై హ్యాండ్ నౌ. ద లాస్ట్ టైమ్ వాజ్ వెన్ ఐ ఫిల్డ్ ఇన్ ఎ ఫామ్.’

మధ్యలో తప్పు దొర్లిందని తెలిస్తే ఒక్కసారి సవరించి సాగిపోండి: ‘ఐ విల్ రైట్... ఐ రైట్ ఎవ్రీ డే.’ క్షమాపణలు అక్కర్లేదు.

మాట పూర్తికాకముందే పరీక్షకులు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతే కంగారు పడకండి. వాళ్లకు ప్రతి భాగానికీ కట్టుదిట్టమైన సమయం ఉంటుంది. మిగిలిపోయిన వాక్యాన్ని వదిలేసి కొత్త ప్రశ్నలోని క్రియ ఏ కాలంలో ఉందో వినండి.